నేను కొట్టేసిన పేరా

టీచర్ చనిపోయిన సంగతి నాకు మూడో రోజు తెలిసింది. వికారాబాద్‌లో మా జూనియర్ కాలేజీ స్టాఫ్‌రూంలో కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. పెద్దేముల్ నుంచి సుజాత ఫోన్ చేసింది. తాండూరు బాలికల హైస్కూల్లో ఆరు నుంచి పది దాకా తనూ నేనూ ఒకే బెంచీ.

"సమాధుల తోట కాడ నువ్వు కనవడకపోతివి. ఎందుకు రాలే?" అంది.

"ఎవరికేమైంది?" అన్నాను.

"టీచర్ పోయింది. మొన్న పొద్దుగాల, నిద్రలనే. నువ్వు పరుగు కమిటీల ఉంటివి గద, నీకు అందరికంటె ముందుగాల్నే తెల్సనుకున్నం."

కమిటీలో ఉన్న మాట నిజమే. వికారాబాద్‌లో ఏటా చలి మొదలయ్యాక ఒక ఆదివారం పొద్దున మారథాన్ జరుగుతుంది. అనంతగిరి గుట్ట ఎక్కి దిగే ఆ పరుగు కోసం హైదరాబాద్ నుంచి కూడా కార్లేసుకుని వస్తారు. దాని చరిత్ర రాసింది నేను. కమిటీ వేసిన సావనీర్‌లో ఐదు పేజీల వ్యాసం, పైన నా ఫొటో. ఆ ఐదు పేజీల్లో ఎక్కడా టీచర్ లేదు. పోయిన మనిషిని తలచుకుంటూ రాసే మాటల్లో నా గురించి ఇంత ఉండకూడదని తెలుసు. కానీ ఎందుకు లేదో చెప్పకుండా ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాస్తే, ఇదీ ఆ వ్యాసం లాంటిదే అవుతుంది.

ఆమె మా ఆటల టీచర్. బంట్వారం దగ్గర ఒక పల్లెలో కూలి పని చేసుకునే ఇంట్లో పుట్టి, చదువుకుని మా బడికి వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. చీర కుచ్చిళ్ళు జర పైకి దోపుకుని, కాళ్ళకు తెల్ల కాన్వాస్ బూట్లు తొడుక్కునేది. రుమాల్లో ఎప్పుడూ పల్లీలు, బెల్లం ముక్కలు ఉండేవి. పిల్లల్ని ఊరితో కలిపి పిలిచేది: పెద్దేముల్ సుజాత, దోమ లక్ష్మి. ఆమె పేరు తాండూరులో మా ఈడువాళ్ళందరికీ తెలుసు. మేము మాత్రం టీచర్ అనే అన్నాం, ఇక్కడా అలాగే అంటున్నాను.

మా బడి మైదానంలో సగం, కొత్త గదులకని తెచ్చిన నాపరాళ్ళ దొంతులు. మిగిలిన సగం పల్లేరు ముళ్ళు. ఆడపిల్లలు ఉరకడానికి జాగా లేదు. టీచర్ మమ్మల్ని పొద్దున్నే రోడ్డు మీదికి తీసుకుపోయింది. నాలుగు రోజులు కాకముందే ఇళ్ళల్లో గొడవ మొదలైంది. మా నాన్న ఆసామి, తాండూరులో పప్పు మిల్లు ఉండేది. "మన పిల్ల రోడ్ల మీద ఉరుకుడేంది?" అని మా అమ్మ మీద కేకలేశాడు.

టీచర్ మా ఇంటికి వచ్చింది. అమ్మ ఆమెకు చాయ్ ఇచ్చిన గ్లాసు మా గ్లాసులతో పాటు ఉండేది కాదు, బయట గూట్లో ఉండేది. ఆ సంగతి నాకు తెలుసు. తాగాక తానే కడిగి బోర్లించి, తిరిగి ఆ గూట్లోనే పెట్టింది కాబట్టి టీచర్‌కూ తెలుసు. పెట్టి, చెయ్యి తుడుచుకుని మా నాన్నతో అంది: "దాసుకొని ఉరికితెనే నలుగురు నాలుగు మాటలంటరు పటేలా. ఊరందరిని పిలిచి, కండ్ల ముందట ఉరికిస్త. మీరు గూడ రాండ్రి. చూసినంక వద్దంటె మాన్పిస్త."

అట్లా మొదలైంది ఈ పరుగు. ఆ ఆదివారం మేము పదకొండు మందిమి. స్టేషన్ రోడ్డులో బయల్దేరి, పెద్దేముల్ తొవ్వలో ఒక మైలురాయిని తాకి రావాలి. బండల పాలిష్ కార్ఖానా నుంచి పొడి తెచ్చి టీచర్ రోడ్డుకు అడ్డంగా తెల్ల గీత గీసింది. చాలామందికి బూట్లు లేవు. చూడ్డానికి మాత్రం బజారంతా వచ్చింది.

సగం దూరంలో నాకు డొక్కలో పోటు వచ్చింది. మిగతా పదిమందీ మలుపు దాటిపోయారు. రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. టీచర్ అందరికంటే ముందు ఉంటుందనుకున్నాను. ఆమె నా వెనక వస్తోంది.

"ఏమైంది బిడ్డా?"

"నాతోని కాదు టీచర్. నేనే లాస్టు."

"ఉండనియ్యి. ముందల ఉరికేటోళ్లకు తొవ్వ కనవడ్తది. ఎన్కున్నోళ్లకే ఇంకో మనిషి కావాలె. లే, రెండో ఎక్కం చదువు."

ఉరుకుతూ ఎక్కాలు చదివించడం ఆమె పద్ధతి. నోట మాట వస్తోందంటే కాళ్ళు కూడా వస్తాయని చెప్పేది. తెల్ల గీత చేరేసరికి నేను తొమ్మిదో ఎక్కంలో ఉన్నాను. అప్పటికి జనం సగం వెళ్ళిపోయారు. మా నాన్న ఉన్నాడు. చప్పట్లు కొట్టాడు, పక్కవాళ్ళు కొడుతున్నారని కావచ్చు. ఉరకొద్దని మళ్ళీ అనలేదు.

మరుసటి ఏడు పక్క బడి పిల్లలు కలిశారు. తర్వాత మగపిల్లలు, రైల్వేవాళ్ళు, బండల కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళు. నేను చదువులకు పోయి, ఉద్యోగం వచ్చి, పెళ్ళయి వికారాబాద్‌లో స్థిరపడ్డాను. తాండూరులో ఆ ఆదివారం పరుగు మాత్రం ఆగలేదు.

వికారాబాద్ జిల్లా అయ్యాక పరుగు కూడా ఇక్కడికి వచ్చింది. కమిటీ పడింది. టీషర్టులు, పతకాలు, టైము కొలవడానికి బూటుకు కట్టే చిప్పు వచ్చాయి. మొదటి ఏడు టీచర్ కూడా కమిటీలో ఉంది. ఇన్ని గంటల్లోపు రానివాళ్ళను బస్సెక్కించి తెచ్చేయాలని ఒక నియమం పెట్టారు. పరుగు రోజున ఘాట్ రోడ్డు మీద ఒక పెద్దావిడ ఎక్కనంటే వాలంటీర్ పిల్లలు చెయ్యి పట్టుకుని లాగుతున్నారు. టీచర్ వెళ్ళి బస్సు తలుపుకు అడ్డంగా నిలబడింది.

"టైం అయిపోయింది టీచర్. రోడ్డు ఇడువాలె. పోలీసోళ్లు ఊకుంటరా?" అన్నాడు కార్యదర్శి. ఆయన తాండూరు బండల వ్యాపారి.

"పోలీసోళ్లకు నేను చెప్త. ఎక్కుతానన్నోళ్లను ఎక్కిచ్చుకో. ఎక్కనన్నోళ్లను గుంజకుండ్రి."

ఆ పెద్దావిడతో పాటు టీచర్ గుట్ట దిగి నడిచి వచ్చింది. ఆ మరుసటి ఏడు నుంచి కమిటీ మీటింగులకు ఎవరూ ఆమెను పిలవలేదు. అప్పటికే నన్ను కమిటీలో వేసుకున్నారు. టీచర్‌ను ఎందుకు పిలవలేదని నేను అడగలేదు.

పరుగుకు ఐదో ఏడని సావనీర్ వేస్తూ చరిత్ర నన్ను రాయమన్నారు. ఇష్టంగానే రాశాను. తాండూరు పదకొండు మంది గురించి, టీచర్ గురించి మొదట్లోనే ఒక పెద్ద పేరా రాశాను. కార్యదర్శి కాలేజీకి వచ్చి, నా ఎదురుగా కూర్చుని చదివాడు.

"గీ పేరా తీసేద్దాం మేడమ్. గది స్కూలు పిల్లల ఉరుకుడు. మారథాన్ మనం షురూ చేసినకాడి నుంచే. ఐదో ఏడు అని బ్యానర్లు కొట్టిచ్చినం. గిది పెడ్తె లెక్కంత మారుతది."

ఆయన గట్టిగా కూడా అనలేదు. ఆలోచించి చెప్తానని నేను అనొచ్చు. తీస్తే నా పేరు వెయ్యొద్దని అనొచ్చు. పిల్లల పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది. పేరా మీద అడ్డంగా ఒక గీత కొట్టి ఇచ్చేశాను. స్టేజీ మీద శాలువా కప్పుతామని అప్పటికే నాకు చెప్పి ఉన్నారు.

శాలువా కప్పిన రోజు టీచర్ వచ్చింది. తాండూరు నుంచి రైల్లో వచ్చి, వెనక కుర్చీల్లో కూర్చుని సావనీర్ మొత్తం చదివింది. అయ్యాక నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. "మంచిగ రాసినవ్ బిడ్డా. ఒక్క అచ్చుతప్పు లేదు" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని చాలా రోజులు వెతికాను. దొరికితే తేలికపడేదాన్నేమో.

ఆ తర్వాత తాండూరు పోయినప్పుడల్లా ఆమె ఉండే గల్లీ తప్పించి తిరిగాను. ఈ ఎండాకాలం రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. క్లాసులో ఉన్నానని మెసేజ్ పెట్టాను. సెలవుల్లో క్లాసులేంటని ఆమె అడగలేదు.

సుజాత ఫోన్ చేసిన రోజు సాయంత్రమే తాండూరు వెళ్ళాను. టీచర్ చెల్లెలు చాయ్ పెట్టింది. బైబిల్ పక్కన సావనీర్ ఉంది. నా వ్యాసం ఉన్న పేజీలు తిప్పి తిప్పి మెత్తబడిపోయాయి.

"మా బిడ్డ రాసిందని గిది చూపెట్టని మనిషి లేడు. పాలాయనను గూడ నిలవెట్టి చదివి వినిపిచ్చింది" అంది చెల్లెలు.

"అందులో టీచర్ లేదు కదా. మీరేమీ అనలేదా?"

"అన్న. నువ్వు మొదలుపెట్టిన పరుగుల నీ ముచ్చటే లేదేందక్కా అన్న. దానికి అక్క ఏమన్నదో ఎరుకనా? 'దాంది తప్పు గాదు. అది రాసే ఉంటది, వాళ్లు తీసేసి ఉంటరు' అన్నది."

"రాశాను. తీసేసింది కూడా నేనే" అన్నాను. ఆమెతో చెప్పడం సులువు. చెప్పాల్సిన మనిషి లేదు.

చెల్లెలు నా మొహం వంక చూడలేదు. "చాయ్ సల్లారుతున్నది, తాగు బిడ్డా" అంది. తర్వాత లోపలికి పోయి ఒక కాగితం తెచ్చింది. టీచర్ చేతిరాత. పదకొండు పేర్లు, కొన్నింటి పక్కన ఊర్లు, ఫోన్ నంబర్లు. "అందరిని ఒక్కసారి ఒక్కకాడ చూడాలని ఉండె అక్కకు. కొందరి అడ్రసులు నీకు తెల్సేమోనని నీకు ఫోన్ చేసింది. నువ్వు పనిల ఉన్నవట."

ఆ కాగితం పట్టుకుని సుజాతా నేనూ రెండు నెలలు తిరిగాం. ఇద్దరు చనిపోయారు. ఇద్దరి జాడ దొరకలేదు. ఒకామె సరిహద్దు దాటి కర్ణాటకలో స్థిరపడి తెలుగు మధ్యలో కన్నడం మాట్లాడుతోంది. ఆమె రాలేనంది. మిగిలినవాళ్ళు వస్తామన్నారు.

కార్యదర్శి దగ్గరికి కూడా పోయాను. పరుగు ఏళ్ళ లెక్క సరిచేయమన్నాను. ఆయనకు బాధ లేదనలేను. "టీచర్ మంచి మనిషి మేడమ్. కాని సంఖ్య మార్చుడు ఇప్పుడు నాతోని కాదు. స్టేజీ మీద రెండు నిముషాలు ఇస్త, మీరే చెప్పుండ్రి" అన్నాడు.

ఈ ఏడు పరుగు మొదలయ్యే ముందు మైకు తీసుకున్నాను. "చరిత్రలోంచి నా చేత్తో నేను కొట్టేసిన పేరా ఇది" అని చెప్పి చదివాను. కింద వేలమంది కాళ్ళు చేతులు సాగదీసుకుంటున్నారు. కొందరు విన్నారు. కార్యదర్శి తల దించుకున్నాడు. వెంటనే పాటలు పెట్టారు. బ్యానర్ మీద సంఖ్య మారలేదు, మారుతుందన్న ఆశ కూడా నాకు పెద్దగా లేదు. శాలువా తిరిగిచ్చేస్తే బాగుంటుందని ఒకసారి అనిపించింది. అదీ నా కోసమే అవుతుందని మానుకున్నాను.

మేము ఆరుగురం మాత్రం పరుగులో కలిశాం. మోకాళ్ళు ఎవరికీ సరిగ్గా లేవు. గుట్ట ఎక్కేసరికే అందరూ మమ్మల్ని దాటిపోయారు. బస్సు వచ్చి పక్కన ఆగింది, ఎక్కేది లేదన్నాం, ముందుకు పోయింది. నీళ్ళ టేబుళ్ళు తీసేశారు. రోడ్డు తెరిచేశారు. దిగేటప్పుడు సుజాత చెప్పులు చేతిలో పట్టుకుంది. దోమ లక్ష్మి నవ్వుతూ ఏదో చెబుతుంటే అందరం రోడ్డంతా ఆక్రమించి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి నడుస్తున్నాం.

మలుపు దగ్గర వెనక్కి చూశాను. తాండూరు నుంచి నాపరాళ్ళు వేసుకొస్తున్న లారీ ఒకటి, ఎప్పటి నుంచో ఏమో, హారన్ కొట్టకుండా మా వెనకే మెల్లగా దిగుతోంది. డ్రైవర్ కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టి, తొందరేమీ లేనట్టు మా వైపు చూస్తున్నాడు.