ఐసు బండిలో వెనక చోటు

మా మామ పోయాడని నాకు ఫోన్ చేసింది ఆయన ఐసు ఫ్యాక్టరీలో క్రషర్ దగ్గర పనిచేసే మనిషి. "పాపా, మామ పోయినాడు. పొద్దున టీ తాగి మంచం మీద ఒరిగినాడు, అంతే" అన్నాడు. లైన్లో ఉన్నావా అని నేనే అడిగాను. "ఉండా పాపా. ఐసు ఎవుర్ని అడగాల్నో తెలీక నిలబడుండా" అన్నాడు.

అంతవరకు రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది. కృష్ణపట్నం దాటాక సముద్రపు ఒడ్డున ఉంటుంది మా అమ్మ పుట్టిన ఊరు. అక్కడ ఎవరింట్లో చావు జరిగినా మొదటి కబురు మా మామకే వెళ్లేది. దూరాన ఉన్న బిడ్డలు వచ్చేదాకా మనిషిని ఉంచాలంటే ఐసు కావాలి. వేటకు పోయే పడవలవాళ్లు బండ్లు పెట్టుకుని వరసలో నిలబడి ఉన్నా సరే, "చావింటి ఐసు ముందు, చేపల ఐసు తర్వాత" అని దిమ్మలు పంపేవాడు. ఎవరూ నోరెత్తేవాళ్లు కారు. ఆ రోజు ఆయన చుట్టూ ఆయన ఐసే పేర్చారు. నేను కోవూరు నుంచి వెళ్లేసరికి వరండా అంతా తడిసి ఉంది.

మా మామ అంటే మా అమ్మకు తమ్ముడు. ఊరివాళ్లకు ఐసు ఫ్యాక్టరీ ఓనరు. ముత్తుకూరు బస్సులో అడిగితే మాత్రం "ఐసు బండ్లాయనా?" అంటారు. మంచు కురిసే దేశాల్లో ఆ మంచు మీద తోలే బండ్లు ఉంటాయి. ముందర చక్రాల బదులు రెండు పలకలు, వెనక రబ్బరు పట్టా, స్కూటరుకు ఉన్నట్టు హ్యాండిలు. అవి మా మామ షెడ్డులో ఐదు ఉన్నాయి. డిసెంబరులో కూడా ఫ్యాను ఆపని ఊళ్లో ఆయన జీవితమంతా మంచు బండ్ల మీద మోజుతో గడిచిపోయింది. పిచ్చి అన్నవాళ్లు ఉన్నారు. నేనూ అన్నాను, ముఖం మీదే అన్నాను. ఆయన నవ్వేవాడు.

మొదటి బండి పోర్టు పక్కన పాత ఇనుము యార్డులో దొరికింది. ఫ్యాక్టరీ కంప్రెసరుకు ఏదో సామాను వెతకడానికి పోయి, విదేశాల నుంచి వచ్చిన తుక్కు మధ్య దీన్ని చూసి, ఇక కంప్రెసరు సంగతే మర్చిపోయాడు. ట్రాక్టరు మీద ఇంటికి తెచ్చాడు. నేను అప్పుడు నెల్లూరులో డిగ్రీ చదువుతున్నాను. సెలవులకు పోతే చెయ్యి పట్టుకుని షెడ్డులోకి లాక్కుపోయాడు.

"ఇది సముద్రం మీద తోలే బండి పాపా. ముందర పలకలు చూడు, అలల మీద జారేదానికి. వెనక పట్టా చూడు, నీళ్లు తోసేదానికి."

సముద్రం పక్కన పుట్టినవాడికి ఇంకేం తోస్తుంది? వారాల తరబడి కుస్తీ పట్టి ఇంజను బాగుచేశాడు. పాత మోపెడ్‌కు పోసినట్టే పెట్రోల్లో ఆయిలు కలిపి పోశాడు. ఒక ఉదయం ఊరంతా ఒడ్డుకు చేరితే, టెంకాయ కొట్టి మరీ సముద్రంలోకి తోలాడు. బండి కాస్త దూరం ఎగురుకుంటూ పోయి బుడుంగున మునిగింది. మామ ఈదుకుంటూ వచ్చాడు. బండిని మాత్రం వలతాళ్లు కట్టి పదిమంది లాగాల్సివచ్చింది. ఒక పెద్దాయన తాడు వదిలి, "దీన్ని బండనరు అబ్బయ్యా, లంగరంటారు" అన్నాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది మా మామే.

నేనే ఆయన్ని నెల్లూరులో నెట్ సెంటరుకు తీసుకుపోయి, ఆ బండి ఏమిటో బొమ్మలు వెతికి చూపించాను. తెల్లటి మైదానం, దాని మీద అచ్చం అలాంటి బండి, వెనక పొడుగాటి గీత. బయటికి వచ్చాక చెరుకురసం తాగుతూ, "మంచులో తిరగాల్సినదాన్ని తీసకపోయి ఉప్పునీళ్లలో ముంచితిని గదా పాపా" అన్నాడు, నోరులేని గొడ్డును కొట్టినవాడిలా. గ్లాసు కింద పెట్టేసరికి మళ్లీ ముఖం వెలిగింది. "మంచు లేకపోతే ఏంది? మనకాడ ఐసుండాదిగా."

అట్లా మొదలైంది. వేసవి మొదట్లో చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట ఆపిస్తుంది. పడవలు ఒడ్డెక్కుతాయి, ఐసు అడిగేవాళ్లు ఉండరు. ఫ్యాక్టరీలో మిగిలిన దిమ్మలు కరిగి కాలవలో పోవాల్సిందే. ప్రతి ఏడూ వేట ఆగిన మర్నాటి ఉదయం మామ ఆ దిమ్మలన్నీ క్రషర్‌లో వేయించి, ఫ్యాక్టరీ వెనక ఇసకలో పరిపించేవాడు. ఉత్త ఇసక మీద పోస్తే ఐసు నిలవదు, కింద వరి ఊక పరవాలి. ఊక పంపడం నా వంతు. మా ఆయనకు కోవూరులో రైస్ మిల్లు ఉంది. ఊక మీద ఐసు, ఐసు మీద బండి. ఎండ ముదిరేలోపు ఆయన అటూ ఇటూ తోలేవాడు. మలుపు దగ్గర ఐసు పొడి లేచి అందరి మీదా పడేది. పిల్లలు ముఖాలకు రుద్దుకునేవాళ్లు. "తొందరగా కానీండి, ఐసు మనకోసం ఆగదు" అని అరుస్తూనే ఉండేవాడు. తర్వాత తర్వాత అదే యార్డులో ఏరి తెచ్చిన నాలుగుతో కలిపి ఐదు బండ్లనూ ఒకదాని తర్వాత ఒకటి తిప్పేవాడు. లేకపోతే వాటికి కోపం వస్తుందట.

ఇంత సంబరంలోనూ ఆయనకు తీరనిది ఒకటే. మా అత్తను వెనక ఎక్కించుకుని తోలాలి. దానికోసమే వాటిలో ఎర్రబండికి వెనక పట్టుకోవడానికి కమ్మీ అతికించాడు. సీటులో మెత్తటి స్పాంజి పెట్టి కుట్టించాడు. ప్రతి ఏడూ ఆమె ముందర ఆపి, "ఏమే, రా, ఎక్కు" అనేవాడు.

"ఊరు చూస్తా ఉండాది. నవ్వతారు. ఇంట్లో పిచ్చోడు ఒకడుంటే చాల్లే, పోవయ్యా" అనేది అత్త.

ఎక్కేది కాదు కానీ లోపలికీ పోయేది కాదు. ఫ్యాక్టరీ గోడను ఆనుకుని, పైట నోటికి అడ్డం పెట్టుకుని, ఆఖరి బండి దాకా చూసేది. ఐసు అయిపోయాక తువ్వాలు అందించేది. ఆయన మొహం తుడుచుకుంటూ, "సరే, వచ్చే ఏడు" అనేవాడు. వాళ్లిద్దరికీ అదొక అలవాటైపోయింది.

మొన్న చలికాలంలో మామ కూతురు వాళ్లిద్దరినీ ఉత్తరాన మంచు కొండలకు తీసుకుపోయింది. అసలు మంచును మామ చూడటం అదే మొదటిసారి. చెప్పులు విప్పి దణ్ణం పెట్టాడట. అక్కడ బండ్లు వరసగా ఉన్నాయట. అత్త చుట్టూ చూసి, "ఈడ మనల్ని ఎరిగినోళ్లు ఎవురూ లేరు. పద, ఎక్కతా" అందట. తీరా చూస్తే అక్కడ బండి చేతికివ్వరు. వాళ్ల మనిషే తోలుతాడు, మనం వెనక కూర్చోవాలి. మామ తనకొచ్చిన హిందీలో, మా ఇంట్లో ఇవి ఐదున్నాయి బాబూ అని చెప్పాడు. ఏ ఊరని వాళ్లు అడిగారు. నెల్లూరు, సముద్రం పక్కన అన్నాడు. వాళ్లు పడీ పడీ నవ్వారట.

తిరిగొచ్చాక నేను కోప్పడ్డాను. "అంత దూరం పోయి ఎక్కకుండా వస్తారా మామా? వాడు తోలితే మాత్రం ఏం?"

"ఇంకోడు తోలే బండి మీద మీ అత్తను ఎక్కియ్యనా? ఇన్నేళ్లు అడిగింది దానికా?" అన్నాడు.

అత్త పక్కనుంచి అందుకుంది. "ఇద్దరమూ మంచులో నిలబడి, కాళ్లు కొయ్యబారి దిగొచ్చినాం పాపా. మొండోడు." ఆ వెంటనే, నా వైపు కాకుండా ఆయన వైపు చూసి, "వేట ఆపనీ. ఈసారి మన బండే ఎక్కతా. నవ్వేటోళ్లని నవ్వనీ" అంది.

మా మామకు ఇక కాలు నేల మీద నిలవలేదు. ఎప్పుడూ నేనే ఫోన్ చేసి ఊక సంగతి అడగాలి, ఈసారి మాఘమాసంలోనే ఆయన చేశాడు. "ఊక ఎక్కువ పంపు పాపా. మీ అత్త ఎక్కతాదంట. బరువు ఉండాది గదా" అన్నాడు. వెనక నుంచి అత్త తిట్లు వినపడ్డాయి. ఆయన నవ్వు వినపడింది. ఆ నవ్వే నేను విన్న చివరిది. వేట ఆగడానికి ఇంకా కొన్ని వారాలు ఉండగానే పోయాడు.

నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది. ఎవరి మీదో తెలీదు. ఐసు ఆగదని ఊరందరినీ తరిమినవాడు ఈ ఒక్కదానికే ఎందుకు అంత నింపాదిగా వచ్చే ఏడు, వచ్చే ఏడు అన్నాడు? ఆమె మాత్రం ఒక్కసారి ఊరిని మరిచిపోతే ఏం పోయేది? ఇద్దరినీ కూర్చోబెట్టి తిట్టాలని ఉంది. ఒకరు లేరు, ఇంకొకరిని తిట్టలేను.

పెద్దకర్మ అయ్యాక అత్త గడప దాటలేదు. వేట ఆగే రోజు దగ్గరపడుతుంటే ఊక మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. ఆమే ఫోన్ చేసింది. "ఊక పంపలేదేమ్మా?" అంది.

లారీతో నేనూ వెళ్లాను. మర్నాడు ఉదయం మామ ఎట్లా చేయించేవాడో అట్లాగే దిమ్మలు ఆడించి పరిచారు. ఎర్రబండిని నలుగురు తోసుకొచ్చి ఐసు మీద నిలబెట్టారు. ఊరు ఎప్పటిలాగే చేరింది, కానీ చప్పుడు లేదు. పిల్లలు కూడా గట్టునే ఆగిపోయారు. క్రషర్ మనిషి దగ్గరికొచ్చి, "వదినా, ఇంజను ఏసేదా? నేను తోలతా, మెల్లిగా" అన్నాడు.

"వద్దబ్బయ్యా" అంది అత్త.

మనిషి పోయి నెల తిరగని ఆడది గడప దాటితేనే పదిమాటలు అనే ఊరు అది. ఆమె అందరి మధ్యలోంచి చెప్పులు లేకుండా ఐసు మీద నడిచిపోయి, బండి ఎక్కి కూర్చుంది. వెనక కూర్చుంది. ఒక మనిషికి సరిపడా ముందర చోటు వదిలి, కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. ఎవరూ నవ్వలేదు.

ఎండ ఎక్కింది. ఐసు అంచుల నుంచి కరుగుతూ వచ్చి, ఊక తేలి, నీళ్లు సన్నగా సముద్రం వైపు పారాయి. బండి కొద్దికొద్దిగా ఇసకలోకి దిగుతోంది. నేను తువ్వాలు పట్టుకుని పోయి, "అత్తా, కాళ్లు నొప్పి పుడతాయి, కాస్త ముందుకు జరిగి సరిగా కూర్చో" అన్నాను. అత్త జరగలేదు.