గుంటపాచి దూడ

ఆ రోజుల్లో నాకు ఒంట్లో సత్తువ కంటే నోట్లో సత్తువ ఎక్కువ. ఇప్పుడు ఆ నోరొక్కటే మిగిలింది. అది పనిచేస్తున్నప్పుడే చెప్పేస్తాను: గుంటలోని పాచితో ఆవుకు చూడి కట్టించిన మగాడు అరవదేశంలోని ఈ ధర్మపురి జిల్లా మొత్తానికి నేనొక్కడినే.

అప్పట్లో నేను పశువుల ఆసుపత్రిలో డాక్టర్ని. (సరే, క్యాను మోసేవాణ్ణి. డాక్టరు సెలవు పెడితేనే చూడి కట్టించే సూది నా చేతికి వచ్చేది.) పొగలు కక్కే ద్రవ నత్రజని నింపిన ఆ క్యానులో, సన్నటి గొట్టాల్లో ఆబోతు వీర్యం గడ్డకట్టి ఉండేది. మా అన్న ధర్మపురిలో కాలేజీలో పాచి మీద పరిశోధన చేసేవాడు. ఇంటిల్లిపాదీ పాచన్న అనేవాళ్లం. ఆ పాచిని అంటిపెట్టుకుని ఏవో సూక్ష్మజీవులు బతుకుతాయట, విడదీస్తే రెండూ నీరసిస్తాయట. అందుకని రెండింటినీ కలిపే, గ్లిజరిన్ చుక్కలు వేసి, మెల్లగా చల్లబరిచి, అలాంటి గొట్టాల్లోనే నింపి తెచ్చాడు. "ఏండ్లకొద్దీ నిద్రపోనీరా. లేపితే మళ్లీ పచ్చబడాల" అని నా క్యానులో ఓ పక్కన పెట్టించాడు.

సరిగ్గా అప్పుడే మహేంద్రమంగళంలో మా మామ ఆవు ఎదకు వచ్చింది. అంతకుముందు నేను వేసిన సూదులేవీ నిలవలేదు. "ఈ తూరి చూడి కట్టకుంటే నీకిస్తానన్న నా పిల్లను వేరేచోట ఇచ్చేస్తానప్పా" అని మామ తేల్చి చెప్పాడు. ఆ పిల్ల వాకిట్లోనే నిలబడి ఉంది. నేను ఆమె వైపే చూస్తూ, పొగలోంచి గొట్టం లాగి, గోరువెచ్చటి నీళ్లలో ముంచి, దర్జాగా పని ముగించాను. చేతులు కడుక్కుంటూ చూస్తే ఖాళీ గొట్టం లోపల ఆకుపచ్చటి చార. నోరు మూసుకుని (జీవితంలో అదొక్కసారే) ఇంటికి వచ్చి, పిల్ల దక్కదని అన్నం మానేశాను.

కొన్నాళ్లకు డాక్టరే చూసి, ఆవు చూడిదన్నాడు. మామ మాట నిలబెట్టుకున్నాడు. దూడ కాస్త ఆకుపచ్చగా పుట్టిందని చాలా ఊళ్లలో చెప్పాను. (నల్లది. ఒప్పుకుంటున్నాను.) ఏండ్ల తర్వాత పాచన్న మిగిలిన గొట్టాలు తీసి, సీసా నీళ్లలో పోసి కిటికీలో పెడితే, పాచీ దాని తోడూ కలిసే లేచి, సీసా అంతా పచ్చబడింది. (ఒకటి తగ్గిందేమిరా అన్నాడు, ఆవిరైపోయిందన్నాను.)

మా ఆవిడ చదివింది అరవ బడిలో, తెలుగు అక్షరాలు రావు. ఇదంతా రాసి, చదివి వినిపించాను. చిక్కుడుకాయలు ఒలుస్తూ తల ఎత్తకుండానే అంది:

"పాచీ లేదు, నీ సూదీ లేదు బావా. నువ్వు అట్ల పోతానే, మా నాయనకు తెలీకుండా ఆవును నేనే ఆబోతు కాడికి తోలుకపోయినాను. నీ చేతినే నమ్ముకోనుంటే, ఈ పొద్దు ఇంకెవరింట్లోనో కాయలు ఒలస్తా ఉందును."