వార్తల బల్ల మీద తొమ్మిదో పేరు

మా ఇంటి వెనక నీళ్ల తొట్టి పక్కన తేమ ఆరని చోట గుంటగలగర దానంతటదే మొలుస్తుంది. వానాకాలంలో నా భార్య ఆ ఆకు కోసి, రోట్లో దంచి, కొబ్బరినూనెలో మరగబెట్టి తలనూనె కాస్తుంది. మొన్న ఆమెకు చేయి నొప్పిగా ఉంటే దంచే పని నేను తీసుకున్నాను. నాలుగు పోట్లు పడేసరికి పచ్చటి పసరు నల్లబడి, తడిమట్టి, చేదు కలిసిన వాసన ముక్కుకు తగిలింది. చేయి ఆగిపోయింది. ఆ రోజులు పోయి యాభై ఏళ్లు దాటినా ఆ వాసనకు నేను ఇంకా హైస్కూలు వరండాలో, బండల మీద మోకాళ్లు ఆనించి, మోచేతుల దాకా మసి చేసుకొని కూర్చున్న తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణే.

ఆ రోజుల్లో సిద్దిపేటలో మా హైస్కూలు గేటు దాటగానే కనబడేటట్టు, వరండా గోడకు ఆనించి ఒక పెద్ద నల్లబల్ల ఉండేది. వార్తల బల్ల అనేవాళ్లం. ప్రతి శనివారం మధ్యాహ్నం గుంటగలగర ఆకు, బొగ్గుపొడి కలిపి నూరి పూస్తే సోమవారానికి అది కొత్తదానిలా నిగనిగలాడేది. పైన తేదీ, వారం, తిథి. కింద ముందురోజు రేడియోలో విన్న రెండు మూడు పెద్ద వార్తలు. మిగిలిన బల్లంతా ఊరి ముచ్చట్లు. ఎవరి అక్క పెళ్లి ఎప్పుడు, చిన్నకోడూరులో చెరువు అలుగు దూకిందా లేదా, ఎవరికి అమ్మవారు పోసి ఎన్నాళ్లు బడికి రాడు, భీవండి మిల్లుల నుంచి ఎవరి నాయన వచ్చాడు, వస్తూ ఎవరెవరి క్షేమం తెలుసుకొని వచ్చాడు, ఇవన్నీ అక్కడ ఉండేవి. మా బడిలో సగం మంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి కాలినడకన, అదృష్టవంతులైతే సైకిళ్ల మీద వచ్చేవాళ్లు కాబట్టి, ఆ బల్ల మీద ఉన్నది సాయంత్రానికల్లా పది ఊళ్లకు చేరేది. ఇంటికి పోయిన పిల్లవాణ్ణి తల్లి మొదట అడిగేది, "బల్ల మీద ఏం రాసిన్రు బిడ్డా?" అనే.

ఆ బల్లకు పెద్ద మా తెలుగు సారు. ఎవరి గురించి రాసినా పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు, తరగతి ఉండాలన్నది ఆయన పెట్టిన నియమం. లేకపోతే, "ఏ రాజయ్య? ఏ ఊరి రాజయ్య? బడిలనే ఆరుగురున్నరు" అంటూ తడిగుడ్డ అందుకునేవారు. రాత గుండ్రంగా ఉంటుందని ఆ ఏడాది రాసే పని నాకు అప్పజెప్పారు. మొదటి గంట కొట్టకముందే బల్ల నిండిపోవాలి. పొద్దున రాసింది రోజంతా చదువుతారు కనుక, ఆ రోజు జరగబోయేదాన్ని జరిగినట్టే రాయడం మాకంటే ముందు నుంచి వస్తున్న అలవాటు. 'ఫలానా వారి వివాహము జరిగినది' అని నేను సుద్దముక్కతో రాసే సమయానికి ఆ పెళ్లికొడుకు ఇంకా స్నానమైనా చేసి ఉండడు. అది తప్పని సారుకుగానీ, చదివేవాళ్లకుగానీ, నాకుగానీ ఎన్నడూ తోచలేదు. దసరా సెలవుల్లో బల్ల లేక, చేయి ఊరుకోక, ఒక నోటుబుక్కులో అదే పద్ధతిలో రోజూ రాసుకోవడం మొదలుపెట్టాను. నా డైరీలు అక్కడ మొదలయ్యాయి.

ఏడాది మొత్తం ఆ బల్ల మీదుగానే తిరిగేదనిపిస్తుంది. వానలు పట్టగానే మక్కకంకులు కాల్చిన వాసనతో పిల్లలు తరగతిలోకి వచ్చేవాళ్లు. సద్దుల బతుకమ్మ మరునాడు అందరి జేబుల్లో మలీద ముద్దలు, కాగితం పొట్లాల్లో నువ్వుల పొడి, నూనె మరకలు పడ్డ లెక్కల పుస్తకాలు. చలికాలం ఎండపొడలో వరుసగా నిలబడి చిర్రగోనె ఆడి, మధ్యాహ్నం జొన్నరొట్టెలో ఎర్రకారం పెట్టుకొని తిని, ఆ చేతులతోనే కళ్లు నులుముకొని ఏడ్చేవాళ్లం. వేసవి ముందర తునికిపండ్ల గింజలు తరగతి గది మూలల్లో దొరికేవి.

నా పక్కన కూర్చునేవాడు యాదగిరి. వాళ్లది చేనేత ఇల్లు. తండ్రి భీవండిలో పవర్‌లూమ్ మీద పనిచేసేవాడు; ఇక్కడ తాత మగ్గం నేసేవాడు, తల్లి నూలు కండెలు చుట్టేది. వాళ్ల గల్లీలోకి మలుపు తిరగగానే మగ్గాల చప్పుడు, ఉడికే గంజి వాసన ఒకేసారి ఎదురొచ్చేవి. నేను పోతే, వాడు అవ్వా అనీ నేను చిన్నమ్మా అనీ పిలిచే వాళ్ల అమ్మ చేతిలో కండె ఆపకుండానే కళ్లతో ఉట్టి చూపించేది. అక్కడ ఏదో ఒకటి ఉండేది, బెల్లంముక్కో సర్వపిండి ముక్కో. యాదగిరి లెక్కల్లో నాకన్నా చాలా ముందుండేవాడు. వాణ్ణి మెట్రిక్ దాటించి పంతుల్ని చేస్తానని తెలుగు సారు ఆమెతో అన్న రోజు నుంచి ఆమె వాణ్ణి మగ్గం గుంటలో కాలు పెట్టనిచ్చేది కాదు. నా రాత చూసి వాడు నన్ను "ఏం రా పేపరోడా" అని పిలిచేవాడు.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రేగింది. బల్ల పైభాగం రాన్రాను కిందికి దిగి ఊరి ముచ్చట్లను మింగేసింది. గంట కొట్టడం, పెద్ద తరగతుల వాళ్లు లోపలికి రాకుండా రోడ్డు మీదికి పోవడం, బస్సులు ఆగిపోవడం, పరీక్షలు ఉంటాయో ఉండవో ఎవరికీ తెలియకపోవడం. నేను బాపు అని పిలిచే మా నాయన తపాలా ఆఫీసులో పోస్ట్‌మ్యాన్. ఖాకీ చొక్కా విప్పి కొక్కానికి తగిలించేటప్పుడల్లా నా వైపు చూసి, "సర్కారు తిండి తింటున్నం. నువ్వు నోరు మూసుకొని ఇంట్ల కూసో" అనేవాడు. ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ నాకు వీపు నిటారవుతుంది.

ఒక మధ్యాహ్నం బడి మైదానంలో, బస్టాండు దగ్గర గుడారం వేసి ఒక్క రోజు నిరాహార దీక్షకు ఎవరు కూర్చుంటారని పెద్ద విద్యార్థులు అడిగారు. ఒక్కొక్కరే చేయి ఎత్తారు. తొమ్మిదో చేయి యాదగిరిది. నా వైపు తిరిగి, "పేపరోడా, నా పేరు పెద్దగ రాయి" అన్నాడు. నేను నవ్వి తలూపాను.

దీక్ష రోజు పొద్దున్నే పోయి బల్ల రాశాను. ఊరి ముచ్చట్లలో మొదట, ఎనిమిదో తరగతి రాజయ్య వాళ్ల అన్న వివాహము హుస్నాబాదులో జరిగినది. తరువాత, ఈ దినము మన పాఠశాల విద్యార్థులు క్రింది తొమ్మండుగురు దీక్షలో కూర్చున్నారు; ఆపైన పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్లు, తరగతులు, సారు నియమం తప్పకుండా. తొమ్మిదో పేరు మాట ఇచ్చినట్టే కొంచెం పెద్దగా రాశాను.

నాకు తెలియనిదేమంటే, ఆ పొద్దున వాళ్ల గల్లీలో తాత పడుగు చాపాడు. వీధి పొడుగునా నూలు పోగులు పరిచి గంజి పట్టించే పని అది. ఒకసారి గంజి తగిలాక ఎండ ముదరకముందే కుంచెతో దువ్వుతూ పూర్తి చేయాలి, మధ్యలో వదిలితే పోగులు అతుక్కొని పడుగంతా పాడవుతుంది. ఆ రోజు ఒక మనిషి తక్కువపడ్డాడు. యాదగిరి కుంచె పట్టుకొని మధ్యాహ్నం దాకా వీధిలోనే ఉండిపోయాడు. గుడారంలో కూర్చున్నది ఎనిమిది మందే.

మధ్యాహ్నం గుడారం దగ్గర జనం మూగారు. ఎవరు వేశారో తెలియదు, ఒక బస్సు మీద రాళ్లు పడ్డాయి. అద్దాలు పగిలాయి. అందరూ పరుగెత్తారు. బడికి అప్పటికప్పుడు సెలవు ఇచ్చేశారు కాబట్టి బల్లను ఎవరూ తుడవలేదు. మరునాడు పొద్దున నేను తుడవడానికి పోతే వరండాలో చప్రాసి కాసీం తాత ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"తుడిచి ఏం ఫాయిదా బేటా," అన్నాడు. "పోలీసాయన వచ్చి పైకెళ్లి కింది దాక మొత్తం ఎక్కిచ్చుకొని పోయిండు."

బల్ల మీది పేర్లన్నీ అప్పటికే పోలీసు కాగితం మీదికి ఎక్కాయి.

ఆ సాయంత్రానికే ఎనిమిది మందిని పట్టుకున్నారు. పోలీసులు యాదగిరి ఇంటికి వచ్చినప్పుడు వాడు కోమటి చెరువుకు పోయి ఉన్నాడు. మా పోరడు దినమంతా పడుగు కాడనే ఉన్నడు సారూ అని వాళ్లమ్మ మొత్తుకుంటే, వచ్చిన జవాను, "మీ బడి గోడకే రాసి ఉన్నదమ్మా" అన్నాడట. తాత, పక్కింటివాళ్లు చెప్పినా సొంతవాళ్ల మాట అని వినలేదు. ఆ రాత్రి నుంచి వాణ్ణి బంధువుల ఇంట్లో దాచారు.

ఆ పేరు తప్పని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. హాజరు పట్టీ చూపిద్దామన్నా గుడారంలో కూర్చున్నవాడికీ ఇంట్లో గంజి పట్టించినవాడికీ అందులో పడేది అదే గైర్హాజరు. పొద్దున్నే, జరగకముందే రాశానని నేను నోరు విప్పితే, నీకు ముందే ఎట్లా తెలుసని అడుగుతారు. అడిగితే నేనూ వాళ్లలో ఒకణ్ణవుతాను. బాపు ఖాకీ చొక్కా కొక్కానికే ఉండిపోతుంది. వీధిలో బూటు చప్పుడైతే వెనక దొడ్లోకి పోయేవాణ్ణి. మూడు రోజులూ ఏదో వంకతో యాదగిరి గల్లీకి పోయాను. వీధి మలుపులో వాళ్ల గుమ్మం కనబడేదాకా పోయి, చిన్నమ్మకు ఏమని చెప్పాలో తెలియక మళ్లాను. ఆ మూడు రోజుల డైరీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఎండ బాగా కాసిందని ఒకచోట, బావి నీళ్లు తగ్గాయని ఒకచోట రాసి ఉంది. యాదగిరి పేరు ఎక్కడా లేదు.

మూడో రోజు సాయంత్రం తెలుగు సారు మా వీధిలోనే ఎదురుపడ్డారు. నా మొహం చూసి ఆగారు.

"ఆ తొమ్మిదోవాడు గుడారం కాడ లేడంటున్నరు. నువ్వెట్ల రాసినవ్ రా?"

మొత్తం చెప్పేశాను. ఆయన నా చేయి పట్టుకొని నేరుగా పోలీసు స్టేషనుకు తీసుకుపోయారు. అక్కడి ఎస్సై నల్లటి మనిషి. మేం చెప్పింది విని, నేను మూడు రోజులుగా భయపడుతున్న ప్రశ్నే అడిగాడు.

"జరగకముందే రాసినవా? అంటే నీకు ముందుగాలనే ఎర్కనా?"

సారే ముందుకు వంగారు.

"మా బల్ల అన్నీ గట్లనే రాస్తది సారూ. మీ జవాను ఎక్కిచ్చుకున్న కాగితం తీయున్రి. పైన హుస్నాబాదు పెండ్లి ఉన్నది జూడున్రి. ఆ దినం బస్సులు బందై ముహూర్తం దప్పింది, ఆ పెండ్లి పిల్లగాడు ఇంకా సిద్దిపేటలనే ఉన్నడు."

ఎస్సై కాగితం తీసి చదివాడు. మళ్లీ చదివాడు. పక్కనున్న జవాను నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు. "పెండ్లి గాకముందే పెండ్లి జేసిన్రా?" అని ఎస్సై కూడా నవ్వి, ఎర్ర పెన్సిలుతో తొమ్మిదో పేరు మీద ఒక గీత గీశాడు. అంతే. నన్ను ఎవరూ ఇంకేమీ అడగలేదు. మిగిలిన ఎనిమిది మందిని మరునాడు తండ్రులతో సంతకాలు పెట్టించుకొని వదిలేశారు. బాపు ఉద్యోగానికి ఏమీ కాలేదు.

పొద్దున్నే గల్లీకి పరుగెత్తాను. చిన్నమ్మ కండెలు చుట్టడం లేదు. ఒట్టి రాట్నం ముందు కూర్చొని ఉంది. యాదగిరిని ముందురోజు మధ్యాహ్నమే, నేను సారుకు ఎదురుపడటానికి కొన్ని గంటల ముందు, మేనమామను తోడిచ్చి భీవండి పంపించేసింది. పేరు కొట్టేశారని చెప్పాను. "మంచిగైంది బిడ్డా" అన్నది. వాణ్ణి వెనక్కి పిలిపిద్దామని సారు రెండు ఉత్తరాలు రాశారు. అప్పటికి వాడు తండ్రి పక్కన మగ్గానికి నిలబడ్డాడు. బడికి మళ్లీ రాలేదు.

తరువాత ఎన్నో ఏళ్లలో ఏ పెళ్లికో చావుకో వచ్చినప్పుడు కలిశాం. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు. రాష్ట్రం రావడానికి కొంచెం ముందు, ఊరంతా మళ్లీ దీక్షా శిబిరాలు వెలిసిన రోజుల్లో వాడు వచ్చాడు. ఒక శిబిరం ఎదుట చాయ్ తాగుతూ, వయసు మీద పడ్డ ధైర్యంతో, నేను మూడు రోజులు ఆలస్యం చేశానని చెప్పాను.

"గది నాకెర్కనే," అన్నాడు చాయ్ ఊదుకుంటూ. "అవ్వ జెప్పింది. నువ్వు మా గుమ్మం దాక వచ్చి మర్లిపోతుంటే ఆమె లోపలికెళ్లి జూసిందట. ఆఖరి దినం నాకు సద్ది గట్టి గూడ, గా పోరడు ఏదో జెప్పనీకె తిరుగుతుండు, ఇయ్యాల లోపటికస్తడు అని ఒక బస్సు ఇడిచిపెట్టిచ్చింది."

"మరి నువ్వేమన్నవ్?"

"ఏమంట? రెండో బస్సెక్కిన." వాడు నవ్వాడు. "చాయ్ సల్లారుతుంది, తాగు రా పేపరోడా."

ఇప్పుడు మా బడి కొత్త భవనంలో ఉంది. వార్తల బల్ల ఉన్న వరండా లేదు. ఏ ఇంట్లో ఎవరు పోయారో, ఎవరికి పెళ్లో, ఎవరు ఏ దవాఖానలో ఉన్నారో పాత విద్యార్థుల ఫోన్ గ్రూపులో వచ్చి పడుతుంటుంది. ఇంటి పేరు, తండ్రి పేరు ఎవరూ రాయరు. నేను ఒక్కొక్కరికి ఫోన్ చేసి అడిగి తెలుసుకున్నాకే డైరీలో ఎక్కిస్తాను. నా కొడుకులు నవ్వుకుంటారు. ఆ గల్లీలో మగ్గాలు పోయాయి, వీధి పొడుగునా పడుగు చాపేంత జాగా కూడా లేదు. యాదగిరి వాళ్ల ఇల్లు ఉన్నచోట మెడికల్ షాపు వచ్చింది. నెలకోసారి నా బీపీ మాత్రలకు అక్కడికే పోతాను. మాత్రలిచ్చే పిల్లవాడు చిల్లర వెతికేలోపు నేను వెనక్కి తిరిగి వీధి మలుపు వైపు చూస్తాను. చిన్నమ్మ నిలబడి చూసింది ఇక్కడి నుంచే అయి ఉంటుంది. మలుపు పెద్ద దూరమేమీ కాదు, ఇరవై అడుగులు ఉంటుందేమో.