తోడికోడళ్ళు తెచ్చిన దూది

విజయవాడలో బొంతలు కుట్టి బతుకుతానంటే మొదట్లో మా చుట్టాలెవరూ నమ్మలేదు. సంవత్సరంలో ముప్పాతిక భాగం ఉక్కపోసే ఊళ్ళో బొంత ఎవరికి కావాలని వాళ్ళ అనుమానం. దాన్ని ఏసీలు తీర్చాయి. బయటి వేడి భరించలేక గదిని చల్లబరుచుకుని, ఆ చలి భరించలేక బొంత కప్పుకునే జనం ఉన్నంతకాలం నాకు పనికి లోటు లేదు.

భవానీపురంలో మా ఇంటి ముందుగదిని నా మిషనే ఆక్రమించింది. డబుల్ కాట్ కంటే పొడుగు. అడుగు గుడ్డను రెండు రోలర్ల మధ్య బిగించి, దాని మీద దూది పొర, ఆపైన అతుకుల పైగుడ్డ పరిస్తే, సూది ఉన్న తల అటూ ఇటూ తిరుగుతూ మూడింటినీ కలిపి కుడుతుంది. అందుకని అడుగు గుడ్డ పైగుడ్డ కంటే నాలుగు వైపులా జానెడు ఎక్కువుండాలి. దూది ఒకే మందాన పొరలా ఉండాలి. ఈ రెండు మాటలూ వచ్చినవాళ్ళందరికీ చెబుతాను. వాళ్ళు శ్రద్ధగా తలాడించి, ఇంటికెళ్ళి తమకు తోచింది పట్టుకొస్తారు. ఒకాయన సోఫాలోంచి పీకిన స్పాంజి తెచ్చాడు.

ఉయ్యూరు నుంచి వచ్చిన తోడికోడళ్ళతో ఫోన్లో ఈ మాటలే రెండుసార్లు చెప్పాను. అత్తగారి పుట్టినరోజుకి ఆవిడకి తెలియకుండా బొంత కుట్టించాలని వాళ్ళ ఆలోచన. పైగుడ్డ పెద్దకోడలిది. అత్తగారి పాత చీరలు ముక్కలు చేసి, రంగు పక్కన రంగు చూసుకుంటూ నెలల తరబడి చేత్తో అతికిందట. విప్పి పరవగానే నా గది కళే మారిపోయింది.

చిన్నకోడలు అడుగు గుడ్డ తీసింది. వాళ్ళ పుట్టింటివాళ్ళు నేతపనివాళ్ళు. ఎర్రటి కొత్త చేనేత గుడ్డ, గంజితో అట్టలా ఉంది. పరిచి చూస్తే పైగుడ్డకు సరిగ్గా సమానం.

"అంగుళం తేడా లేకుండా కోయించానండీ," అంది గర్వంగా.

"అదేనండీ ఇబ్బంది," అన్నాను.

తడి చేతిరుమాలుతో గుడ్డను ఒక మూల రుద్దాను. తెల్ల రుమాలు ఎర్రగా అయింది.

"రంగు పోతోందండీ. ముందు తడిపి ఆరెయ్యాలి."

"మా వాళ్ళ నేతలో రంగు పోదండీ. మీ రుమాలే ఏదో రంగు పట్టేసినట్టుంది."

నేను రుమాలు వైపు, ఆవిడ గుమ్మం వైపు చూశాం. పెద్దకోడలు మాత్రం సంతోషం దాచుకోవడానికి నేల వైపు చూసింది.

ఇంతలో వాళ్ళ కారు డ్రైవర్ గోనెసంచి తెచ్చి గదిలో దించాడు. అందులో దూది ఉంది. అత్తగారు పెళ్ళైన కొత్తలో చేయించుకున్న పరుపు విప్పి, ఏకించి తెచ్చారట. ఆవిడకి కొత్తగా స్పాంజి పరుపు కొనిపెట్టి, పాతదాన్ని మేడ మీద గదిలో పడేశారట.

చెయ్యి పెట్టి చూశాను. పత్తిగింజలు, పీచు, ఒక తుప్పు పట్టిన తలపిన్ను చేతికి తగిలాయి.

"ఇది మిషన్ మీద నిలవదండీ. ఎక్కడికక్కడ గడ్డకడుతుంది. నా దగ్గర పొరల దూది ఉంది, అది వేస్తాను."

"అబ్బే, ఆ దూదే ఉండాలండీ. లేకపోతే అందులో అత్తయ్య ఏముంటారు?" అంది పెద్దకోడలు.

"గడ్డలు కడితే నన్ననకూడదు మరి."

"అస్సలనం," అన్నారిద్దరూ.

వాళ్ళ మాట నమ్మి కాదు, ఆ పైగుడ్డ మీద మనసుపడి ఒప్పుకున్నాను.

ఎర్ర గుడ్డ మా పెరట్లో బకెట్లో నానబెడితే నీళ్ళు పారాణి కలిపినట్టయ్యాయి. ఆరాక కొలిస్తే పైగుడ్డ కంటే బెత్తెడు తక్కువ. ఫోన్ చేసి, మధ్యలో కోసి ఒక పట్టీ అతకాలని చెప్పాను. అంచులకు నేను తాత్కాలికంగా పాత గుడ్డ కుట్టి రోలర్లకు పట్టిస్తాను, అది తరవాత విప్పేయొచ్చు. మధ్యలో పట్టీ మాత్రం ఉండిపోతుంది.

మర్నాడే పెద్దకోడలు మిగిలిన ఆకుపచ్చ చీర ముక్క పట్టుకుని ఉత్సాహంగా దిగింది. వెనకాలే చిన్నకోడలు.

"నా గుడ్డ మధ్యలో మీ ముక్కేంటక్కా?"

"నాదెక్కడే? అత్తయ్య చీర."

చిన్నకోడలు జవాబు వెతుక్కునేలోగా నేను కత్తెర వేసేశాను.

దూదితో నా తిప్పలు చెప్పనలవికాదు. గింజలన్నీ ఏరి, రెండు పల్చటి మల్లు గుడ్డల మధ్య పరిచి, జరగకుండా చేత్తో దూరం దూరం కుట్లు వేశాను. అయినా ఎక్కడో దాక్కున్న గింజ సూదిని విరిచింది. జుట్టంతా దూదే. కూరలమ్మే ఆవిడ నన్ను చూసి, ఒక్కసారిగా ముసలిదానివయ్యావేంటమ్మా అని దిగులుపడింది. చివరికి బొంత తయారైంది. చూపుకి అందంగానే ఉంది. చేత్తో తడిమితే మాత్రం అక్కడక్కడా మెత్తటి గుట్టలు.

పుట్టినరోజు భోజనానికి రమ్మని పిలిస్తే నేనే బొంత తీసుకుని బస్సులో వెళ్ళాను. పెద్దావిడ బొంత ఒళ్ళో వేసుకుని ఒక్కొక్క చీర ముక్కనీ గుర్తుపట్టింది. ఇది పెద్దాడి బారసాలకి కొన్నది, ఇది మీ మావయ్య నాతో దెబ్బలాడి తర్వాత తెచ్చినది అంటుంటే పెద్దకోడలు కళ్ళు తుడుచుకుంది. అప్పుడు ఆవిడ చెయ్యి ఒక గుట్ట దగ్గర ఆగింది. నొక్కి చూసింది.

"ఇది నా పరుపులో దూది కదూ?"

"అవునత్తయ్యా," అంది చిన్నకోడలు.

"ఎక్కడ పారేశారోనని అడగలేక ఊరుకున్నానే. ఆ స్పాంజి మీద పడుకుంటే నీళ్ళలో తేలుతున్నట్టుంటుంది, నిద్ర రాదు."

లేచి వెళ్ళి బొంతను మంచం మీద పరిచింది. చీరల వైపు కిందికి, ఎరుపు పైకి.

"అయ్యో అత్తయ్యా, తిరగేసి వేశారు. ఇది కప్పుకునేదండీ," అంది పెద్దకోడలు.

"ఈ ఎండల్లో కప్పుకుంటానా? ఇంత చక్కటి చీరల మీద కాళ్ళెలా పెడతానే, మాసిపోవూ?"

పెద్దకోడలి నెలల కష్టం స్పాంజి పరుపుకి ముఖం ఆనించి పడుకుంది. చిన్నకోడలు మురిసిపోతుండగానే పెద్దావిడ ఆకుపచ్చ పట్టీ మీద చెయ్యి వేసి, "గుడ్డ చాలలేదా అమ్మాయ్?" అని నెమ్మదిగా అడిగింది.

భోజనాలయ్యాక ఆవిడ దాని మీదే ఒళ్ళు మరిచి నిద్రపోయింది. ఇంత గాఢంగా నిద్రపోయి చాలా కాలమైందని పెద్దకొడుకు తలుపు దగ్గర నిలబడి చూస్తూ అన్నాడు. నాకు నిజంగా కడుపు నిండినట్టయింది.

వంటింట్లో తోడికోడళ్ళిద్దరూ గొంతు తగ్గించి, గడ్డలు ఎవరివల్ల వచ్చాయో తేల్చుకుంటున్నారు. దూది సరిగ్గా ఏకించలేదని ఒకరు, గుడ్డ బిగుతు చాలలేదని ఒకరు. నేను వెళ్ళొస్తానని చెప్పడానికి వెళ్ళేసరికి, లోపం నా మిషన్‌లోనే ఉందని ఇద్దరూ రాజీకొచ్చారు. పాపం, ఆ మాట నాతో ఎంతో మర్యాదగా చెప్పి, కజ్జికాయలు రెండు డబ్బాల్లో ఎవరివి వాళ్ళు కట్టిచ్చారు.