నేను తప్పు పట్టిన అధ్యాయం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. నెలకు మూడు నాలుగు దయ్యాల నవలలు ముందేసుకుని సమీక్షలు రాసినవాణ్ని. నమ్మేవాడైతే ఆ పని చేయలేడు. ఇది చదివాక కూడా నన్ను నమ్మేవాళ్లలో కలపొద్దని మనవి.

అమీర్‌పేటలో ప్రతి గోడ మీదా కంప్యూటర్ కోర్సుల కాగితాలు అంటించి ఉన్న రోజులవి. నేను తెనాలి నుంచి వచ్చి పంజాగుట్టలో ఒక ఆఫీసులో చేరాను. సాయంత్రాలు ఒక చిన్న మాసపత్రికకు పుస్తక సమీక్షలు రాసేవాణ్ని. పేరున్న ప్రచురణలు సంపాదకుడి స్నేహితులకు వెళ్లేవి. రచయితలు సొంతంగా అచ్చు వేయించుకున్న డిటెక్టివ్ నవలలు, దయ్యాల నవలలు నాకు మిగిలేవి. ఎన్నేళ్లు రాసినా సమీక్ష కింద నా పేరు పూర్తిగా వేయలేదు, పొడి అక్షరాలే.

నేనూ ఒక నవల రాశాను. అది ఆ సంపాదకుడి బల్ల మీద తొమ్మిది నెలలు ఉండి తిరిగొచ్చింది. మొదటి పేజీ మీద టీ గ్లాసు మరక ఉంది. రెండో పేజీ తిప్పిన ఆనవాలు లేదు.

రాజేశం యూసుఫ్‌గూడలో దర్జీ. సిరిసిల్ల నుంచి వచ్చినవాడు. కుట్టుమిషన్ మీదే కాగితాలు పెట్టుకుని దయ్యాల నవలలు రాసేవాడు. తనే అచ్చు వేయించి, సంచిలో వేసుకుని అమీర్‌పేట హాస్టళ్ల ముందు అమ్మేవాడు. కోర్సులకు వచ్చిన పిల్లలు ఎగబడి కొనేవాళ్లు. ఒకరోజు టీ హోటల్ ముందు ఇద్దరు హాస్టల్ అమ్మాయిలు ఆయన పక్కన నిలబడి, కెమెరా తీసి నా చేతిలో పెట్టారు.

"అంకుల్, జర మా ముగ్గురిని ఒక ఫొటో తియ్యుండ్రి. అన్న మస్తు రాస్తడు, మీరు సుత చదువుండ్రి."

తీశాను. మరిచిపోలేదు.

మరుసటి నెల ఆయన కొత్త నవల సమీక్షకు వచ్చింది. సమీక్ష కావాలంటే రెండు ప్రతులు పంపాలి. ఒకటి పత్రిక ఆఫీసులో ఉంటుంది, రెండోది సమీక్షకుడికి వస్తుంది. సమీక్షకుల్లోనూ ఒక పద్ధతి ఉంది, ఎవరూ పైకి చెప్పరు. ముందుమాట, మొదటి అధ్యాయం, చివరి అధ్యాయం చదువుతాం. మధ్యలో ఎక్కడో ఒక పేజీ తీసి చిన్న తప్పు పడతాం. తప్పు పట్టామంటే మొత్తం చదివినట్టే లెక్క.

ఈసారి నేను ఆ పాటి కూడా చేయలేదు. వెనక అట్ట మీది నాలుగు వాక్యాలు చూసి పక్కన పడేశాను. తప్పును నేనే కల్పించాను.

ఇలా రాశాను: "పద్నాలుగో అధ్యాయం హాస్యాస్పదం. చనిపోయిన స్త్రీ మిట్టమధ్యాహ్నం దర్జీ కొట్టుకు వస్తుంది. బతికుండగా తాను కుట్టమన్న ఆకుపచ్చ జాకెట్టు తీసుకుని, ఎడమ చేతి కుట్టు మొదలుకొని ఒక్కొక్కటే విప్పుతుంది. ఊడదీసిన హుక్కులు పెదాల మధ్య పెట్టుకుంటుంది. దారాన్ని మళ్లీ రీలుకు చుట్టి, 'ఇప్పుడు నా కొలతలు వేరు' అంటుంది. దయ్యానికి జాకెట్టు గొడవ ఎందుకు?"

సమీక్ష అచ్చయింది. చదువుకుంటుంటే నాకే ఒళ్లు జలదరించింది. నా నవల మొత్తంలో అలాంటి ఘట్టం ఒక్కటి లేదు. ఇంత మంచిదాన్ని రాజేశం ఖాతాలో వేశానే అని కడుపు మండిపోయింది. దాన్ని వెనక్కి తెచ్చుకుందామని, అదే ఘట్టంతో కొత్త నవల మొదలుపెట్టాను. మధ్యాహ్నం భోజనం మానేసి ఆఫీసులోనే రాశాను. రీలు చుట్టడం అయ్యాక ఆమె స్టూలు మీద కూర్చుని ఆ దర్జీతో, తన భర్తతో, మాట్లాడటం మొదలుపెడుతుంది. నేను ఆలోచించాల్సిన పని లేకపోయింది, ఆమె చెప్తుంటే రాసినట్టు సాగింది. నలభై పేజీలయ్యాయి. జీవితంలో నా కలం అలా నడిచింది అప్పుడొక్కసారే.

ఒక ఆదివారం పొద్దున రాజేశం టీ హోటల్లో నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. దెబ్బలాడతాడనుకున్నాను. మనిషి బాగా వాడిపోయి ఉన్నాడు.

"అన్నా, గా పద్నాలుగో అధ్యాయం మీకెవరు చూపిచ్చిండ్రు?"

"చూపించడమేంటండీ, మీ పుస్తకంలోదేగా."

"పుస్తకంల పదమూడే ఉన్నయన్నా."

సంచిలోంచి కొలతల పుస్తకం తీశాడు. ముందు పేజీల్లో ఖాతాదారుల పేర్లు, ఛాతీ, నడుము, చేతి పొడవు. వెనక పేజీల్లో ఆయన చేతిరాతతో ఒక అధ్యాయం. సిరా పాతబడింది. ఆకుపచ్చ జాకెట్టు. ఎడమ చేయి. పెదాల మధ్య హుక్కులు. చివరి వాక్యం కూడా అదే.

దర్జీ కథలో జాకెట్టు ఉండటం వింతేమీ కాదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆ హుక్కులు?

"ఆమె నా ఇంటిదన్నా," అన్నాడు. "జాకెట్టు చేతికియ్యకముందే పోయింది. ఒక దినం పగటీలి గిట్లనే వచ్చింది. రాసుకున్న గని అచ్చుల పెట్ట మనసొప్పలే. గీ బుక్కు ఎవ్వలకు చూపియ్యలే."

"నేను ఊహించి రాశానండీ," అన్నాను. పుస్తకం తెరవలేదని మాత్రం చెప్పలేదు.

"ఊహించిండ్రో, ఆమెనే వచ్చి చెప్పిందో, నాకు గా ఫికర్ లేదన్నా. దారం చుట్టినంక ఇంకేమన్న అన్నదా? మల్ల నా తానికి రాలే."

ఆ క్షణంలో కూడా నాకు అవమానమే అనిపించింది. ఎలా రాశారని ఆయన అడగలేదు. ఆమె ఏమందని అడిగాడు. నలభై పేజీలూ నా చేతిసంచిలో, మా ఇద్దరి మధ్య బల్ల మీదే ఉన్నాయి.

"లేదండీ. అంతే," అన్నాను.

ఆయన టీ తాగకుండానే లేచి వెళ్లిపోయాడు.

గదికి వెళ్లి నా ప్రతి తెరిచి లెక్కపెట్టాను. పదమూడు అధ్యాయాలు. మర్నాడు పత్రిక ఆఫీసుకు వెళ్లి రెండో ప్రతి కూడా తీయించి చూశాను. పదమూడే.

ఆ నవల నలభయ్యో పేజీ దాటి ఒక్క వాక్యం కదల్లేదు. అచ్చుకు ఇవ్వలేదు, ఆయనకూ ఇవ్వలేదు. ఇవ్వాల్సిందని అప్పుడప్పుడు అనిపిస్తుంది. కానీ రాజేశం దగ్గర లేనిది నా దగ్గర ఉన్నది ఇదొక్కటే. ఎలా వచ్చిందో మాత్రం నేను చెప్పలేను.