వంకాయ రంగు చీర, రెండు ఫోన్లు

ఆ రోజులంటే మరీ రేడియోల కాలమేమీ కాదు లెండి. చేతిలో ఫోన్ లేనివాణ్ని జాలిగా చూడడం అప్పటికే మొదలైంది. పందొమ్మిదేళ్ల వయసులో ప్రతి మనిషికీ ఏదో ఒక విద్యలో తనను మించినవాడు లేడన్న నమ్మకం ఉంటుంది. కొందరికి క్రికెట్, కొందరికి కవిత్వం, నాకు ఫోన్లు. కొనగలిగింది ఒక్కటే కాబట్టి మిగతావాటి గురించి జ్ఞానం సంపాదించి తృప్తిపడేవాణ్ని. ఏ ఫోన్‌కు కెమెరా ఎంత, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది, లోపలి చిప్ పేరేమిటి, అన్నీ నోటికొచ్చు. నోట్‌బుక్‌లో గళ్లు కొట్టి, ఒకవైపు ఒక ఫోన్, రెండోవైపు దాని పోటీ ఫోన్ రాసి, మార్కులు వేసేవాణ్ని (డిగ్రీలో నాకు వచ్చే మార్కులకన్నా అవి ఎప్పుడూ ఎక్కువే). సిరిసిల్లలో మా వాడకట్టులో ఎవరు ఫోన్ కొనాలన్నా ముందు మా గడప తొక్కాల్సిందే. అందరూ నన్ను ‘ఫోన్ల డాక్టర్’ అనేవారు. అది వెక్కిరింపేమోనన్న అనుమానం నాకు ఒక్కనాడూ రాలేదు.

మా బాపుకు నాలుగు సాంచెలు ఉండేవి (మరమగ్గాలను మావైపు అట్లాగే అంటారు). సేటు నూలు ఇస్తాడు, బాపు చీరలు నేసి ఇస్తాడు. ఆయన చేతిలో ఉన్నది బొత్తాల ఫోన్. ఆ ఏడు సేటు, జమ్మికుంటలో ఒక మహిళా సంఘం వాళ్లకు అందరికీ ఒకే తీరు చీరలు కావాలట, వంకాయ రంగువి, ఒక చీర నేసి చూపించు అన్నాడు. బాపు ఎర్ర పడుగు మీద నీలం పేక వేశాడు. నచ్చలేదు. మూడుసార్లు నూలు మార్చాడు. చివరికి అప్పుడే చెట్టు నుంచి కోసిన వంకాయలా నిగనిగలాడే చీరను దించాడు. అవ్వ (మేం అమ్మను పిలిచేది అట్లాగే) దాన్ని తడిమి చూసి, “కూర వండుకోవచ్చు” అంది. మా ఇంట్లో అంతకన్నా పెద్ద మెప్పు లేదు. ఆ ఆర్డరు దొరికితే ఆరు నెలలు సాంచెలు ఆగకుండా నడుస్తాయి. దొరక్కపోతే రెండు సాంచెలు అమ్మేయాలని బాపు, అవ్వ అప్పటికే గుసగుసలాడుకుంటున్నారు. నేను విననట్టు నటిస్తున్నాను.

సేటు అప్పుడు నూలు కొనడానికి సూరత్ వెళ్లి ఉన్నాడు. చీర ఫొటో పంపితే చూసి చెప్తానన్నాడు. ఫొటో అనగానే నేను చొక్కా సవరించుకున్నాను. చీరను వాకిట్లో ఎండలో మంచం మీద పరిచి, నా ఫోన్‌తో పన్నెండు ఫొటోలు తీసి, అందులో బాగా మెరిసేదాన్ని ఎంచి పంపాను. పది నిమిషాలకే బాపు ఫోన్ మోగింది. సాంచెల మోతకు బాపుకు చెవులు మందగించాయి కాబట్టి ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతాడు. సేటు గొంతు ఇల్లంతా వినబడింది. “ఏమయ్యా, నేను వంకాయ రంగు జెప్తే నువ్వు నీలం నేసినవేంది? రేపు పొద్దుగూకేదాక సూస్త. లేకుంటే ఇంకొకలకు ఇచ్చుడే.”

బాపు నా ఫోన్‌ను చీర పక్కన పెట్టి చూశాడు. నిజమే, ఫొటోలో ఉన్నది ముదురు నీలం చీర.

“ఏందిరా గిది?”

“కెమెరా రంగులను మెరుగు చేస్తది బాపు. గది దాని గొప్పతనం” అన్నాను.

“నేను చెయ్యని మెరుగు గది చేసుడేంది?” అన్నాడు బాపు.

వాడకట్టులో ఉన్న ఫోన్లన్నీ అడిగి తెచ్చి వాటితోనూ తీసి చూశాం. అన్నింట్లోనూ నీలమే (అవన్నీ నేను చెప్పి కొనిపించినవే మరి). అవ్వ నావైపు ఒక చూపు చూసింది. కూర సంగతి ఎత్తలేదు. బాపు మాత్రం చీరను మడిచి సంచిలో పెట్టి, “ఫికర్ జెయ్యకు. ఇగ నుంచి అందరు ఫోన్లనే సూస్తమంటే మనం గూడ మంచిది ఒకటి కొనాలె. రేపు కరీంనగర్ పోదాం” అన్నాడు.

మర్నాడు పొద్దున బస్సులో నేను నోట్‌బుక్ తెరిచి, వేములవాడ దాటేసరికే బాపు ముందు రెండు ఫోన్లు మిగిల్చాను. ఒకటి సన్నగా అద్దంలా మెరిసేది, తొంభై ఒక్క మార్కులు. రెండోది లావుగా, మబ్బు పట్టినట్టుండేది, అరవై నాలుగు. సన్నదాని గుణగణాలు కరీంనగర్ కమాన్ కనబడేదాకా వర్ణిస్తూనే ఉన్నాను. బాపు అన్నింటికీ తలూపాడు. సాంచెల మోతలో మాట వినబడనప్పుడు కూడా ఆయన అట్లాగే తలూపుతాడన్న సంగతి నాకు అప్పుడు గుర్తుకు రాలేదు.

షాపతను రెండు ఫోన్లూ అద్దాల బల్ల మీద పెట్టాడు. నేను నా పాఠం మొదలుపెట్టేలోపే బాపు సంచిలోంచి చీర తీసి ఆ బల్ల మీద పరిచేశాడు. ఇంతలో మళ్లీ ఏమనుకున్నాడో, పైన వెలుగుతున్న లైట్లు చూసి దాన్ని చంకన పెట్టుకున్నాడు. “గీ లైట్ల కింద రంగు సూస్తరా ఎవరన్న? ఎండలకు పోదాం పా తమ్మీ, రెండు ఫోన్లు పట్టుకో.”

“కాకా, ఫోన్లు షాపు దాటొద్దు” అన్నాడు షాపతను.

“గట్లయితే మావోన్ని ఈడ్నే ఉంచుకో. మేం మళ్లొచ్చేదాక కదలడు.”

షాపతను నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. రెండు ఫోన్ల విలువ చేయననిపించిందేమో, తానే ఫోన్లు పట్టుకుని బాపు వెంట నడిచాడు. నేను నోట్‌బుక్‌తో వాళ్ల వెనక నడిచాను.

షాపు ముందు గచ్చు మీద, పొద్దుటి ఎండలో, బాపు చీరను వాలుగా పట్టుకున్నాడు. ఎరుపూ నీలమూ కలిసిన నేత నేరుగా చూస్తే ఒక రంగు, వాలుగా చూస్తే ఒక రంగు కనబడుతుందట. ఎట్లా పట్టుకుంటే అసలు వంకాయ రంగు దిగుతుందో నేసినవాడికే తెలుసు. నలభై ఏళ్ల విద్య అది. పక్కన పూలమ్మే అమ్మ, ఆమె దగ్గర మల్లెలు కొంటున్న ఇద్దరు ఆడవాళ్లు, చీర కనబడగానే బేరం వదిలేసి వచ్చారు. షాపతను రెండు ఫోన్లతో రెండు ఫొటోలు తీశాడు. బాపు ఆ రెండూ ఆడవాళ్ల ముందు పెట్టి, “అమ్మా, జర సూసి చెప్పుండ్రి. గీ చీర ఏ ఫోన్ల ఉన్నది?” అన్నాడు.

ముగ్గురూ ఒక్కసారే లావు ఫోన్ చూపించారు.

“మరి గిండ్ల?” అని సన్న ఫోన్ చూపించాడు బాపు.

“గది వేరే చీరనే” అంది పూలమ్మే అమ్మ.

నేను ఊరుకోలేదు. సన్నదాని ఘనత నిరూపించాలని దాన్ని తీసుకుని బాపు ముఖం ఫొటో తీసి చూపించాను. ముడతలు పోయి, నలుపు విరిగి, పెళ్లికొడుకులా ఉన్నాడు. బాపు దాన్ని చాలాసేపు చూశాడు. “మనిషినే గింత మార్చేది చీరను మార్చదా?” అన్నాడు.

తర్వాత రెండు ఫోన్లనూ ఒకదాని తర్వాత ఒకటి చొక్కా జేబులో వేసుకుని, “ఇగ మోగియ్యి. సద్దు లేకుంట, ఊగేటట్టు” అన్నాడు షాపతనితో. సాంచెలు నడుస్తుంటే పక్కన పిడుగు పడినా వినబడదు. ఫోన్ వచ్చిన సంగతి గుండెకు తెలియాలి. సన్నది దోమ వాలినట్టుందన్నాడు. లావుది ఊగగానే, “ఆఁ, గిది పిలుస్తున్నది” అని నవ్వాడు.

“బాపు, దానికి అరవై నాలుగు మార్కులే!”

“ఎవరేసిండ్రు?”

“నేనే.”

“దేనికేసినవ్?”

నోట్‌బుక్ చూసుకున్నాను. గేములు ఆడితే వేడెక్కుతుందా అన్నదానికి ఒక గడి ఉంది (బాపు ఏ గేము ఆడతాడనుకున్నానో దేవుడికే తెలియాలి). ఉన్న రంగు ఉన్నట్టు చూపిస్తుందా అన్నదానికి గడి లేదు. జేబులో ఊగితే తెలుస్తుందా అన్నదానికీ లేదు. ఎవరి కోసం కొంటున్నామన్నదానికి అసలే లేదు. నోట్‌బుక్ మూసేశాను.

లావు ఫోన్ కొని, సిమ్ము అందులో వేయించి, ఫొటో సూరత్‌కు పంపించాం. ఇంక మిగిలింది ఎదురుచూడడమే. పక్క హోటల్లో చాయ్ తెప్పించుకున్నాం కానీ ఇద్దరిలో ఎవరమూ తాగలేదు. రెండు సాంచెలు పోతే బాపు ఇంకొకరి దగ్గర కూలికి నేయాలి. పంపిన ఆ మొదటి ఫొటోయే లేకపోతే ఈ గండమే ఉండేది కాదు. అది తీసింది నేను. ఫోన్ల డాక్టర్‌ను. జీవితంలో మొదటిసారి నాకు నా విద్య మీద రోత పుట్టింది.

బాపు ఉలిక్కిపడి ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. సేటు ఫోన్!

“గిదే గద వంకాయ రంగంటే! ఇగ నూలు పంపిస్త, మొదలువెట్టు. మరి నిన్న నీలం ఎట్లచ్చిందయ్యా?”

బాపు నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

“నిన్న ఎలుతురు మంచిగ లేకుండె సేటు” అన్నాడు.

ముందురోజు మా ఊళ్లో మండే ఎండ. ఆ క్షణాన మా బాపును చూసి నేను ఎంత గర్వపడ్డానో చెప్పడానికి ఇప్పటికీ మాటలు చాలవు.

ఆ తర్వాతి ఏడు పని మీద జమ్మికుంట వెళ్లాను. బస్టాండులో ఒక పాతిక మంది ఆడవాళ్లు బస్సు దిగారు, అందరివీ వంకాయ రంగు చీరలే. నా కాళ్లు ఆగలేదు. ఒక పెద్దామె దగ్గరికి వెళ్లి, “అమ్మా, గీ చీర ఏం రంగు?” అని అడిగాను.

“కండ్లు కనవడ్తలేవా బిడ్డా? వంకాయ రంగు!” అని కసిరింది.

“మా బాపు నేసిండు” అన్నాను.

ఆమె మెత్తబడి కొంగు సవరించుకుంది. “గట్లనా? రంగు మస్తుగుంది. కని కొంగు ఇంకింత పొడుగు పెట్టుమను.”

సాయంత్రం ఇంటికి రాగానే రంగు మాట బాపుకు చెప్పాను. సాంచె ఆపి మరీ విన్నాడు. మళ్లీ చెప్పమన్నాడు, చెప్పాను.

“ఇంకేమన్నది?” అన్నాడు.

“గంతే బాపు” అన్నాను.

అడిగినా అడగకపోయినా తెలిసిందంతా వాగేసే ఆ ఫోన్ల డాక్టర్ కుర్రాడు, తెలిసిన సంగతిని అడిగినా చెప్పకుండా నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే. ఇప్పుడు తలచుకుంటే వాడు నాకు కొంచెం ముద్దొస్తాడు.