దాడి చేసినవారు: ఒకరిని ఎంచుకోండి

నంద్యాలలో ఒక ఆసుపత్రి కౌంటర్ నాది. ఆళ్లగడ్డలో పొద్దున్నే బస్సెక్కి వచ్చి, సాయంత్రం దాకా రోగుల వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించేదాన్ని. మొదట్లో ఊరి పేరు ఒకరు ఒకలా కొడితే మరొకరు ఇంకోలా కొట్టేవాళ్లం. ఒకే మనిషికి మూడు ఫైళ్లు తయారయ్యేవి. ఈ గోల పడలేక సాఫ్ట్‌వేర్ వాళ్లు జాబితాలు పెట్టారు. టైపు చేసే పనే లేదు, నొక్కి ఎంచుకోవడమే. మండలం నొక్కితే ఆ మండలం ఊళ్లు మాత్రమే తెరుచుకునేవి, కొత్త ఊరు చేరిస్తే అదీ కనిపించేది. గాయాల జాబితా అలా కాదు. ఒకసారి రాసిందే రాత, కౌంటర్ నుంచి ఒక్క మాట చేర్చలేం.

అందులో 'దాడి చేసినవారు' అన్న గడిలో ఏమేం ఉండాలో చెప్పింది నేనే. భర్త, అత్త, మామ, పొరుగువారు, తెలియని వ్యక్తి. ఐదు చాలన్నాను. ఆడదాన్ని కొట్టేది ఇంకెవరుంటారులే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఒక మధ్యాహ్నం ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుంచి ఒకామెను జీపులో తెచ్చారు. దవడ విరిగి నోరు కదలడం లేదు. ఎడమ మణికట్టు వేలాడుతోంది. చీర ముందంతా రక్తం. ఆమెతో ఇద్దరు మగవాళ్లు వచ్చారు. ఒకడు భర్త, బిగుసుకుపోయి నిలబడ్డాడు. రెండోవాడు ఆమె తమ్ముడు, గుండెలు బాదుకుని ఏడుస్తున్నాడు.

"ఏం జరిగిందప్పా?" అని అడిగాను.

"మెట్ల మీద నుంచి జారింది మేడం," అన్నాడు తమ్ముడు.

"నేను చేన్లో ఉంటి. ఇంటికొచ్చేతలికి ఇట్ల పడుండె," అన్నాడు భర్త.

మెట్ల మీద జారితే చెంప మీద ఐదు వేళ్లూ తేలతాయా? నాకు ఒళ్లు మండిపోయింది. కారణం దగ్గర 'దాడి' నొక్కాను. ఐదు పేర్లూ తెరుచుకున్నాయి. స్క్రీన్ ఆమె వైపు తిప్పి, "ఎవరో సూపియ్యమ్మా, భయపడాకు," అన్నాను.

ఆమె కుడిచేతి వేలు పైనుంచి కిందికి వచ్చింది. మళ్లీ పైకి పోయింది, మళ్లీ కిందికి దిగింది. ఎక్కడా ఆగలేదు. మొగుడు పక్కనే నిలబడి ఉంటే ఏ ఆడది చూపిస్తుంది, అనుకున్నాను. నేనే 'భర్త' నొక్కి సేవ్ చేసేశాను. ఆమె అరచేత్తో కౌంటర్ మీద దబదబా బాదింది. నొప్పి తట్టుకోలేక కాబోలు అనుకున్నాను. చెప్పుతో కొట్టాలి నన్ను.

'దాడి' అని పడితే పోలీసులకు కబురు పోవాల్సిందే. వాళ్లు వచ్చి భర్త కాలర్ పట్టుకున్నారు. "నేను గాదు సార్," అన్నందుకు నా కళ్లముందే చెంప పగలగొట్టి లాక్కుపోయారు. నిజం చెప్పొద్దూ, నా కసి తీరింది.

ఇక ఆమెకు తోడెవరు? తోడుండేవారి జాబితాలో మాత్రం అన్నదమ్ములు ఉన్నారు. అది నొక్కి, పాసు తీసి తమ్ముడి చేతిలో పెట్టాను. "మీ అక్కను బాగా సూసుకోప్పా," అని కూడా చెప్పాను.

గంట తర్వాత, పాసు కాగితం మీద అతని సంతకం తీసుకోలేదని గుర్తొచ్చి వార్డుకు వెళ్లాను. తెర వెనక మూలుగు వినపడింది. తెర లాగి చూస్తే ఆ తమ్ముడు ఆమె ఛాతీ మీద మోకాలు పెట్టి, విరిగిన చేతిని మెలితిప్పి, సిరా పూసిన బొటనవేలిని ఒక కాగితానికి అదుముతున్నాడు.

"నాయన భూమిలో భాగం కావల్లనా నీకు? వద్దని ముద్ర వెయ్యి! లేకుంటే రెండో చెయ్యి గూడా ఇరగ్గొడతా!"

"ఏం చేస్తాండావురా నువ్వు!" అని అరిచి, పక్కనున్న ఇనుప స్టూలెత్తి వాడి వీపు మీద వేశాను. వాడు తిరగబడి నా జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లి రక్తం కళ్లలోకి కారింది. నేను వాడి చెయ్యి కొరికి, జనం వచ్చేదాకా పళ్లు వదల్లేదు. వాణ్ణీ, వాడి కాగితాన్నీ పోలీసులు పట్టుకుపోయారు.

నుదుటికి కట్టుతో కౌంటర్‌కు వచ్చి 'భర్త' అన్నది దిద్దుదామని చూస్తే, సేవ్ చేసిన గడి మూసుకుపోయి ఉంది. తెరుచుకున్నా ఏం లాభం, అందులో తమ్ముడే లేడాయె.

సాయంత్రానికి భర్తను వదిలితే నేరుగా కౌంటర్ దగ్గరికి వచ్చాడు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. లేచి చేతులు జోడించాను.

"తప్పయిపోయిందప్పా. తమ్ముడనేది దాంట్లో ల్యాకపాయ. ఆయమ్మ నోరు గూడా పలకలేకపాయ."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"కుడిచెయ్యి బాగానే ఉండె గదమ్మా," అన్నాడు. "ఒక కాయితం ఇచ్చింటే రాసుండేది. పదో తరగతి సదివింది."